నీ బ్యాగులో నీ బట్టలు చాలు

పాల్వంచ

మేనకోడలికి,


సంక్రాంతి సెలవుల్లో సగం నాన్న దగ్గర, సగం అమ్మ దగ్గర అని కోర్టు కాగితంలో రాశారు కదా. భోగి, పండగ భద్రాచలంలో చేసుకుని కనుమ నాటికి ఖమ్మం వెళ్ళిపోతావు. విడాకులయ్యాక నీకిదే మొదటి ప్రయాణం. బ్యాగు సర్దుతున్నావట, మళ్ళీ తీసేస్తున్నావట, ఏమైందంటే ఏం లేదంటున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోనులో అయితే నువ్వు ఊఁ కొట్టి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఒక్కసారే చదవక్కర్లేదు, నీ దగ్గర పెట్టుకో.

ముందు నీ గుండెలో ఉన్న ముల్లు తీస్తాను. జడ్జి గారు పిలిచి ఎవరి దగ్గర ఉంటావని అడిగితే అమ్మ దగ్గర అన్నావు. ఆ మాటతో నాన్నకు అన్యాయం చేశానని నువ్వు కుమిలిపోతున్నావని నాకు తెలుసు. బిడ్డా, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 17వ సెక్షన్ ఏం చెబుతుందంటే, తెలివిగా చెప్పగలిగే వయసు వచ్చిన పిల్లల ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు. తీసుకోవచ్చు, అంతే. నీ మాటతో పాటు నీ బడి, ఇద్దరి ఉద్యోగాలు, నీ బాగోగులు అన్నీ చూసి నిర్ణయించింది జడ్జి గారు. నువ్వు తీర్పు చెప్పలేదు. ఈ మాట నేను మీ నాన్నతో కూడా అన్నాను. వాడు నా తమ్ముడు, వాడి మనసు నాకు తెలుసు. వాడికి నీ మీద ఇసుమంత కోపం లేదు.

ఇక బ్యాగు సంగతి. అందులో నీ బట్టలు, నీ పుస్తకాలు, ఆధార్ కార్డు పెట్టుకో. ఆడపిల్లవు కాబట్టి ఎక్స్‌ప్రెస్ బస్సులో కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. బ్రష్షు, చెప్పులు, ఛార్జరు, ఇంట్లో వేసుకునే రెండు జతలు భద్రాచలంలోనే ఉంచమని మీ నాన్నకు చెప్పాను. చుట్టపుచూపుగా వచ్చినట్టు ప్రతిసారీ అన్నీ మోసుకురావడమేంటి? అది కూడా నీ ఇల్లే. అక్కడి బీరువాలో నీకోసం ఒక అర ఖాళీ చేయించాను.

బట్టలకంటే బరువైనవి పెద్దవాళ్ళు నీకు తెలియకుండానే నీ బ్యాగులో పెడతారు. జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే. ఫీజు సంగతి ఏం చేశాడో మీ నాన్నను అడుగు అని అమ్మ అంటుంది. మీ అమ్మ ఈ మధ్య ఎక్కడికైనా వెళ్తోందా అని నాన్న మాటల్లో మాటగా అడుగుతాడు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేక నీతో మాట్లాడతారు. నువ్వు మాత్రం ఆ మోత మోయొద్దు. "అది మీరే మాట్లాడుకోండి నాన్నా" అను, "నువ్వే ఫోన్ చెయ్యమ్మా" అను. గట్టిగా అనక్కర్లేదు, మెల్లగా అన్నా చాలు. వాళ్ళకు చురుక్కుమంటుంది, తగలనీ. డబ్బుల సంగతి, కోర్టు సంగతి ఏదున్నా నా ద్వారా చెప్పుకోమని ఇద్దరికీ చెప్పి ఉంచాను.

అలాగే భద్రాచలంలో సంతోషంగా గడిపితే అమ్మ దగ్గర దాచొద్దు. ఖమ్మం చేరాక అమ్మ మొహం చూసి, నానమ్మ చేసిన పులిహోర బాగుందని చెప్పడానికి జంకుతావేమో, చెప్పేయ్. నాన్న దగ్గర ఉన్నప్పుడు రాత్రి అమ్మతో మాట్లాడాలనిపిస్తే పెరట్లోకి వెళ్ళి గుసగుసలాడకు, హాల్లో కూర్చుని మాట్లాడు. విడిపోయినా తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కు పిల్లలకు ఉందని, దగ్గర లేనివారితో మాట్లాడుకునే వీలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో చెప్పింది. నానమ్మకు ఆ తీర్పు సంగతి నేను వివరించాను. పూర్తిగా ఒప్పుకోలేదు కానీ నీ ఫోన్ జోలికి మాత్రం రాదు.

భద్రాచలంలో నీకు ఎక్కువ కష్టమనిపించేది గుడి దగ్గర అనుకుంటాను. ఆ ఊళ్ళో రోజూ కల్యాణమే. సీతారాముల పెళ్ళి చూసి తరించాలని ఎక్కడెక్కడి నుంచో జంటలు వస్తారు. ఆ నిత్యకల్యాణం జరిగే మండపం దగ్గరే మన చుట్టాలావిడ ఎవరో ఒకరు నీ గడ్డం పట్టుకుని, "అమ్మ రాలేదా? అసలేమైందే?" అంటుంది. అందరూ పనిగట్టుకుని గుచ్చాలని అడగరు, కొందరికి ఏం మాట్లాడాలో తెలియదు. ఎవరికైనా ఒకటే జవాబు చెప్పు: "అది అమ్మానాన్నల విషయం పిన్నీ, నేను బాగున్నాను." ఆ తర్వాత కథ చెప్పొద్దు, తప్పు ఎవరిదో తేల్చొద్దు. ఇంకా వదలకపోతే నన్ను చూపించు. అర్చనకు గోత్రం, పేర్లు అడిగినప్పుడు నీ పేరు, నాన్న పేరు, అమ్మ పేరు మూడూ చెప్పు. గొంతు తగ్గించకు. ఆ పేర్లు నీవి. కోర్టు వాళ్ళిద్దరినీ ఒకరికొకరు కాకుండా చేసింది కానీ నీకు కాకుండా చేయలేదు.

సిగ్గు సంగతి కూడా చెప్పాలి. నేను ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెప్పిన దాన్ని. కోయ గూడేల్లో ఆలుమగలకు పొసగకపోతే పెద్దల ముందు కూర్చుని, ఓలి లెక్కలు తేల్చుకుని విడిపోవడం వాళ్ళ ఆచారంలోనే ఉంది. తర్వాత మారుమనువు చేసుకుంటే ఎవరూ వేలెత్తి చూపరు. మన హిందూ వివాహ చట్టం వాళ్ళకు వర్తించదు, వాళ్ళ కట్టుబాటే వాళ్ళ చట్టం. అలా విడిపోయినవాళ్ళ పిల్లలు కూడా పండగ సెలవులకు ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు, ఎవరింటికి వెళ్తున్నారో దాచకుండా చెప్పేవాళ్ళు. వాళ్ళకు బాధ లేదని అనను, తలవంపులు మాత్రం లేవు. తలవంపులు అంటించింది మన మైదానపు ఇళ్ళే, బిడ్డా. నువ్వు వాటిని తగిలించుకోకు.

భోగి నాడు పర్ణశాల వెళ్దామని నాన్న అంటున్నాడు. దుమ్ముగూడెం దారిలో కాసేపు ఆంధ్రలోకి పోయి మళ్ళీ తెలంగాణలోకి వస్తాం. 2014లో పోలవరం ముంపు పేరున ఏటపాక, కన్నాయిగూడెం లాంటి ఊళ్ళను అటు కలిపారు. ఊరిని అడగకుండానే హద్దు మార్చారు. అయినా ఏటపాకవాళ్ళు సరుకులకూ ఆసుపత్రికీ భద్రాచలమే వస్తారు, వాళ్ళ దారి వాళ్ళు వదులుకోలేదు. నిన్ను అడగకుండా అమ్మానాన్నల మధ్య గీసిన గీత కూడా అలాంటిదే అనుకుంటాను.

పర్ణశాలలో సీతమ్మ కథ మళ్ళీ వింటావు. నువ్వు లవకుశుల గురించి ఆలోచించు. తల్లి దగ్గర ఆశ్రమంలో పెరిగిన పిల్లలు. తండ్రి ఎదుట నిలబడి రామాయణమంతా పాడారు, సభ కన్నీళ్ళు పెట్టుకుంది. అయినా సీతారాములు మళ్ళీ ఒక ఇంట్లో ఉండలేదు. అంత గొప్పగా పాడిన పిల్లల వల్ల కానిది నీ వల్ల కాలేదని బాధపడకు. మార్కులు బాగా తెచ్చుకుంటే, జ్వరమొస్తే, గొడవ చేయకుండా ఉంటే వాళ్ళు కలిసిపోతారని నీ మనసు ఏదో మూల ఆశపడుతుంది. ఆ ఆశ ఉండడం తప్పు కాదు. కానీ వాళ్ళు విడిపోవడం నీ వల్ల కాదు, కలవడం నీ పనీ కాదు.

అమెరికాలో మేవిస్ హెదరింగ్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విడిపోయిన కుటుంబాల పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 2002లో పుస్తకం రాసింది. మొదటి ఒకటి రెండేళ్ళు కష్టంగా ఉన్నా, ఎక్కువ మంది పిల్లలు నిలదొక్కుకుని మామూలుగానే పెద్దవాళ్ళయ్యారని ఆవిడ చెప్పింది. నువ్వు ఇప్పుడు ఆ కష్టమైన కాలంలోనే ఉన్నావు. ఇల్లు మారిన మొదటి సాయంత్రం ఏమీ తినబుద్ధి కాదు, ఊరికే కోపం వస్తుంది. ఆ సాయంత్రం నిన్నెవరూ ప్రశ్నలు అడగకూడదని రెండిళ్ళలోనూ చెప్పాను. ఏడుపొస్తే ఏడువు. ఎప్పుడైనా మనసు బాగా కుంగిపోయి, మాలో ఎవరితోనూ చెప్పుకోలేననిపిస్తే 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల కోసం 1098 కూడా ఉంది. రెండూ నోటుబుక్కు వెనక రాసిపెట్టుకో.

ప్రయాణం రోజు అమ్మ నిన్ను ఖమ్మం బస్టాండులో ఎక్కిస్తుంది. కండక్టరు కనబడే సీట్లో కూర్చో. నీకు బస్సు పడదు కదా, ఫోను చూడకు, బయటికి చూడు. ఏన్కూరు, జూలూరుపాడు వైపు మిరప ఏరుడు మొదలై ఉంటుంది, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు వచ్చి ఉంటారు. కొత్తగూడెం బస్టాండులో బస్సు ఆగగానే నాకు ఫోన్ చెయ్యి. పాల్వంచలో నేను ఎక్కుతాను.

తిరిగి ఖమ్మం వెళ్ళేటప్పుడు అరిసెల డబ్బా ఒకటి కట్టిస్తాను. అమ్మకు ఇస్తావో, నువ్వే తింటావో నీ ఇష్టం. అమ్మకు నువ్వులు ఎక్కువ వేసినవి ఇష్టమని నాకు గుర్తుంది.

ఇట్లు
నీ మేనత్త