గుణదల యాత్ర: మొక్కు అంటే ఏమిటి?



ఫిబ్రవరి వచ్చిందంటే మన కె.గంగవరం చుట్టుప్రక్కల ఊళ్లలో, గోదావరి లంకలలో ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ ఏడు గుణదల వెళుతున్నారా?" ఏటేటా వెళ్లేవారిలో కూడా ఆ క్షేత్రం ఎలా పుట్టిందో తెలిసినవారు తక్కువ. ఆ చరిత్ర తెలిస్తే మన యాత్రకు అర్థం పెరుగుతుంది. కనుక ఈ వారం దానిని ధ్యానిద్దాం.

నేడు గుణదల విజయవాడ నగరంలో కలిసిపోయింది. ఒకప్పుడది బెజవాడ వెలుపల కొండను ఆనుకొని, కాలువ ఒడ్డున ఉన్న చిన్న పల్లె. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఆ రెండు నదుల కాలువలను కలిపినది ఏలూరు కాలువ. అంటే మన ఊరి నీటికీ గుణదల నీటికీ చుట్టరికం ఉన్నట్టే! అక్కడ 'పడవలరేవు' అన్న పేరు నేటికీ నిలిచి ఉంది.

ఆ పల్లెలో కతోలిక గురువులు మొదట నెలకొల్పినది పుణ్యక్షేత్రం కాదు. పునీత జోజప్పగారి పేరిట దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం. దాని అధిపతి పి.అర్లాటి స్వామివారు 1924లో కొండ మీద లూర్దుమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. క్రమంగా భక్తులు రాసాగారు. 1937లో దేవాలయ నిర్మాణం పూర్తయింది. బెజవాడ మేత్రాసనం ఏర్పడినది కూడా ఆ సంవత్సరమే. 1946లో ఉత్సవం ఘనంగా జరిగింది. 1971లో దేవాలయాన్ని అభిషేకించారు. 2024లో క్షేత్రం నూరేళ్ల పండుగ జరుపుకొన్నది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో కతోలికులే కాక హిందూ సోదరులు కూడా తరలివచ్చి, తలనీలాలిచ్చి, కొబ్బరికాయలు కొట్టి, కొండనెక్కుతారు.

ఫిబ్రవరి 11 ఎందుకు? ఫ్రాన్సు దేశంలోని లూర్దు గ్రామంలో, నది ఒడ్డున ఉన్న గుహ వద్ద, 1858లో ఆ రోజుననే దేవమాత బెర్నదెత్తమ్మకు మొదటిసారి దర్శనమిచ్చారు. ఆమెకప్పుడు 14 ఏళ్లు. తండ్రి పిండిమర నడిపి చితికిపోయిన పేదవాడు. కుటుంబమంతా, ఒకప్పుడు చెరసాలగా వాడి వదిలేసిన ఒకే ఒక్క గదిలో తలదాచుకొనేది. దర్శనాలు మొత్తం 18.

ఇక మొక్కు సంగతి. మొక్కు దేవునితో చేసే బేరమా? "నా బిడ్డకు నయమైతే తలనీలాలిస్తాను, కాకపోతే లేదు" అనుకొంటే అది సంతలో మాట. మొక్కు అంటే మేలైనదొకటి చేస్తానని దేవునికి ఇచ్చే మాట అని పునీత తోమాసు అక్వినాసుగారు బోధించారు. మాట ఇచ్చేది దేవునికే, ఆరాధన దేవునికే. మరియమాత మన కోసం ప్రార్థించే తల్లి. కానా పెండ్లిలో ఆమె సేవకులకు చూపిన దారి తన కుమారుని మాట వినమనే కదా!

కొందరి మనసులో ముల్లులా గ్రుచ్చుకొనే ప్రశ్న వేరే ఉంది. "మూడేళ్లు వరుసగా కొండనెక్కాను, అయినా నా బిడ్డ దక్కలేదు. నా విశ్వాసం చాలలేదా?" అని కుమిలిపోయే తల్లులున్నారు. అమ్మా, బెర్నదెత్తమ్మ జీవితం చూడండి. ఆమె చిన్ననాటి నుండి ఉబ్బసంతో బాధపడింది. ఎందరో స్వస్థత పొందిన ఆ లూర్దు నీటి ఊటను త్రవ్వినది ఆమె చేతులే. అయినా ఆమె వ్యాధి పోలేదు. 1879లో 35 ఏళ్లకే కన్నుమూసింది. ఆమె విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా? తిరుసభ ఆమెను 1933లో పునీతురాలిగా ప్రకటించింది. స్వస్థత దేవుని వరం. అది మన భక్తికి చెల్లించే కూలి కాదు.

అలాగే మందులు మానుకొని కొండనెక్కడం భక్తి అనిపించుకోదు. లూర్దులో 1883 నుండి వైద్యుల కార్యాలయం ఒకటి పనిచేస్తున్నది. స్వస్థత పొందామని వేలమంది చెప్పగా, క్షుణ్ణంగా పరిశీలించి తిరుసభ అద్భుతాలుగా అంగీకరించినవి 70కి కొద్దిగా పైగా మాత్రమే. తిరుసభే ఇంత జాగ్రత్త పడుతుంటే, డాక్టరు ఇచ్చిన మాత్రలను మనం పక్కన పడేయవచ్చునా? వైద్యుని చేయి కూడా దేవుడిచ్చినదే. 1993 నుండి ఫిబ్రవరి 11ను తిరుసభ ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా పాటిస్తున్నది. దీనిని ఏర్పాటు చేసినవారు రెండవ జాన్ పాల్ పాపుగారు.

చివరగా ఒక మాట. గుణదల కొండ మీదికి లూర్దుమాతను తెచ్చినది అనాథల ఆశ్రమం. అనాథలను, విధవరాండ్రను ఆదుకొనుటే కల్మషం లేని భక్తి అని పునీత యాకోబుగారి లేఖ మనకు నేర్పుతుంది. కనుక ఈసారి యాత్రకు బయలుదేరేముందు, మీతో మాటలు లేని పొరుగువారిని పలకరించండి. తిరిగి వచ్చాక, బస్సుకు ఎంత ఖర్చయినదో అంత సొమ్ము మీ వీధిలోని ఒక దిక్కులేని బిడ్డ పుస్తకాలకో, మంచం పట్టిన ఒక ముసలమ్మ మందులకో ఇవ్వండి. ప్రయాణం చేయలేనివారు ఇంటి వద్దనే ఆ పని చేస్తే, వారూ గుణదల యాత్ర చేసినవారే.