డ్రోన్ వచ్చేదాకా సెన్సార్ ఏం చేయాలి?

సెల్ సిగ్నల్ లేని అడవిలో నేల తేమ కొలిచే సెన్సార్లు పెట్టామనుకుందాం. కొలవడం తేలికే, ఆ డేటా మన దాకా రావడమే కష్టం. ఒక సెన్సార్ పక్క సెన్సార్‌కి అందిస్తూ గేట్‌వే దాకా పంపొచ్చు. కానీ గేట్‌వే పక్కనున్నవి అందరి డేటా మోయాలి కాబట్టి వాటి బ్యాటరీలే ముందు అయిపోతాయి. అవి పోతే వెనకున్నవి బాగానే ఉన్నా ఉపయోగం లేదు.

ఇంకో దారి ఏంటంటే, డేటాని మోసుకొచ్చే బండి పెట్టడం. 2000ల మొదట్లో కర్ణాటకలోని దొడ్డబళ్లాపుర ప్రాంతంలో డాక్‌నెట్ ప్రాజెక్ట్ ఇదే చేసింది. బస్సుకి వైఫై పరికరం బిగించి, ఊళ్లలోని కంప్యూటర్ల డేటాని పట్నానికి చేర్చింది. రోడ్డు లేని చోట ఆ బస్సు పని డ్రోన్ చేస్తుంది. డ్రోన్‌ని వెనక్కి తెచ్చి చార్జ్ చేసుకోవచ్చు, అడవిలో ఉన్న సెన్సార్‌కి ఆ వీలు లేదు.

డ్రోన్‌కి టైమ్ సరిపోతుందా అని నేను లెక్క వేసి చూశాను. 10 నిమిషాలకోసారి 12 బైట్లు అంటే రోజుకి 1,728 బైట్లు, నెలకి సుమారు 52 కిలోబైట్లు. జిగ్బీ రేడియో వేగం సెకనుకి 250 కిలోబిట్లు, కాబట్టి 2 సెకన్లు చాలు. మళ్లీ పంపాల్సిన ప్యాకెట్లతో కలిపి 4 అనుకుందాం. రేంజ్ 50 మీటర్లు, డ్రోన్ ఎత్తు 30 మీటర్లు అయితే, పైథాగరస్ ప్రకారం సెన్సార్‌కి అటు 40, ఇటు 40 మీటర్ల దూరం దొరుకుతుంది. సెకనుకి 10 మీటర్ల వేగంతో వెళ్లినా 8 సెకన్లు ఉంటాయి. ఆగక్కర్లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. డ్రోన్ ఎప్పుడొస్తుందో సెన్సార్‌కి తెలీదు. ఇలాంటి నెట్‌వర్క్‌లలో బాగా వాడిన సీసీ2420 రేడియో చిప్ పూర్తి పవర్‌తో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, వినేటప్పుడు 18.8 తీసుకుంటుంది. అంటే మాట్లాడటం కంటే వినడమే ఖరీదన్నమాట! రేడియో ఆన్‌లో పెట్టి ఎదురుచూస్తూ కూర్చుంటే 2,500 మిల్లీఆంపియర్-అవర్ల బ్యాటరీ ఆరు రోజుల్లోపే ఖాళీ.

అందుకే సెన్సార్ నిద్రపోవాలి. సెకనుకోసారి 5 మిల్లీసెకన్లు మాత్రం లేచి వినాలి. డ్రోన్ "నేనొచ్చా" అనే చిన్న బీకన్‌ని వెంటవెంటనే పంపుతూ రావాలి. అప్పుడు వినే ఖర్చు 200వ వంతుకి పడిపోతుంది. ఆ ఒక్క ఖర్చే చూస్తే అదే బ్యాటరీ దాదాపు మూడేళ్లు వస్తుంది. 8 సెకన్లలో ఒకటి డ్రోన్‌ని గుర్తుపట్టడానికి, 4 డేటా పంపడానికి పోయినా ఇంకా 3 మిగులుతాయి.

అయితే ఇది అన్నిటికీ పనికిరాదు. నేల తేమ లెక్కలు నెల ఆగినా నష్టం లేదు. కార్చిచ్చు కబురు నెల తర్వాత వస్తే మిగిలేది బూడిదే. కాబట్టి మీ ప్రాజెక్ట్‌కి డ్రోన్ కొనేముందు, మీ డేటా ఎంతకాలం ఆగగలదో తేల్చుకోండి.