చూచుట వేరు, ఎరుగుట వేరు

చదువవలసిన భాగములు: ఆదికాండము 27:18–27, మార్కు 8:22–26, 1 కొరింథీయులకు 13:12



"నా కండ్లతో నేను చూచితిని" అని యొకడు చెప్పిన యెడల ఎదుటివానికి మాట పెగలదు. పొలము గట్టు తగవులోనైనను, సంఘపెద్దల కూటములోనైనను, చూచినవాని మాటకే బలమెక్కువ. అది న్యాయమే. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మము, ఈ అయిదును దేవుడిచ్చిన వరములే. వీటిని తృణీకరించుట భక్తి కాదు. అయినను చూచినదంతయు ఎరిగినట్లు కాదు. ఈ రెంటి నడుమ ఒక కాలువ యున్నది. తొందరపడి దాటువాడు అందులోనే జారిపడును. ఈ నెల పాఠములో ఆ సంగతిని ధ్యానించెదము.

మన గజపతినగరము ప్రక్కగా పారు చంపావతిని తలంచుకొనుడి. వానలు వెలిసి నీరు తేటపడిన దినములలో అడుగున నున్న గులకరాళ్లను సహితము లెక్కపెట్టవచ్చును. ఏరెరుగని పొరుగూరివాడు గట్టున నిలిచి, "ఇంతేగదా" యని దిగును. దిగిన తరువాత లోతు తెలియును. నీటిలోనుండి గాలిలోనికి వచ్చునప్పుడు వెలుగు వంగును. అందుచేత తిన్నగా పైనుండి చూచినను 4 అడుగుల లోతు 3 అడుగులవలె కనబడును. ఏటవాలుగా చూచిన యెడల ఇంకను తక్కువగా తోచును. కన్ను ఇక్కడ అబద్ధమాడలేదు. తనయొద్దకు వచ్చిన వెలుగును వచ్చినట్లే అందించెను. తీర్పు తీర్చిన మనస్సే తొందరపడెను. ఏరెరిగినవాడు ముందు కర్ర దించును, తరువాత కాలు దించును.

1. ఇస్సాకు చేతులు

వృద్ధుడైన ఇస్సాకునకు చూపు మందగించెను. యాకోబు మేకపిల్లల చర్మము చేతులకు కప్పుకొని, అన్న వస్త్రములు ధరించి, తండ్రియెదుట నిలిచెను. ఇస్సాకు స్వరము విన్నాడు, చేతులు తడవి చూచినాడు, వండి తెచ్చినది తిన్నాడు, వస్త్రముల వాసన చూచినాడు. కన్ను తప్ప తక్కిన నాలుగు ద్వారములును తెరచియే యున్నవి.

ఇచ్చట మనము గమనింపవలసినది ఒకటి కలదు. చెవి సత్యమే చెప్పెను. అది యాకోబు స్వరమే. చేతికి తగిలినది నిజముగా రోమమే. అయితే అది మేకది. ముక్కునకు వచ్చిన వాసన నిజముగా ఏశావు వస్త్రములదే. సాక్షులలో ఎవరును అబద్ధికులు కారు. తీర్పు మాత్రము తప్పినది. చెవియు చేయియు ఒకదానికొకటి విరోధముగా సాక్ష్యమిచ్చినప్పుడు ఇస్సాకునకు సందేహము కలుగకపోలేదు, ఆయన అడిగెను. అయితే ఎవనిమీద సందేహమో వానినే అడిగెను! ఇంటిలో దాసులున్నారు, వారిలో ఒకనిని పిలువలేదు. వేటకు వెళ్లిన కుమారుడు తిరిగి వచ్చువరకు ఆగలేదు. సాక్షులు ఏకీభవింపనప్పుడు తీర్పును ఆపి ఉంచవలెనని ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది.

2. సోంపేటలో తెరువబడిన కన్నులు

మన శ్రీకాకుళము సీమలోని సోంపేటయందు కెనడియన్ బాప్టిస్టు మిషనువారి ఆరోగ్యవరము ఆసుపత్రిని ఎరుగనివారు అరుదు. అచ్చట డాక్టరు బెన్ గల్లిసన్‌గారు శుక్లములతో చూపు పోయిన బీదలకు విస్తారముగా శస్త్రచికిత్సలు చేసిరి. ఆయన స్వదేశములో ఈ పనినిగూర్చి చెప్పగా విని, కాల్గరీ పట్టణపు వర్తకుడైన ఆర్ట్ జెంకిన్స్‌గారు కదిలింపబడిరి. ఆలాగున 1963లో 'ఆపరేషన్ ఐసైట్' అను సంస్థ పుట్టినది.

ముసలితనమున శుక్లము వచ్చి చూపు పోయినవాడు, కట్టు విప్పగానే తన కుమారుని ముఖమును గుర్తుపట్టును. ఆ ముఖమును అతడు మునుపు చూచియున్నాడు గదా. మరి పుట్టుకతోనే చూపు లేనివాని సంగతి యేమి? 1688లో ఐర్లండు దేశస్థుడైన విలియం మోలినో ఈ ప్రశ్ననే జాన్ లాక్ అను తత్త్వవేత్తకు వ్రాసి పంపెను. గోళమును, సమఘనమును చేతితో తడవి వేరుచేయగల పుట్టుగ్రుడ్డికి చూపు వచ్చిన యెడల, తాకకుండ చూపుతోనే ఏది యేదో చెప్పగలడా? పండితులు ఎంతో కాలము వాదించుకొనిరి.

దీనికి మన దేశపు బిడ్డల మూలముగా జవాబు దొరికినది. డాక్టరు పవన్ సిన్హాగారి 'ప్రాజెక్టు ప్రకాశ్' పనివారు, పుట్టుకనుండి చూపు లేక చికిత్సచేత చూపు పొందిన అయిదుగురు బిడ్డలను పరీక్షించి, ఫలితమును 2011లో ప్రకటించిరి. వారు 8 మొదలు 17 ఏండ్లలోపువారు. కంటితో చూచిన రెండు వస్తువుల భేదమును వారు బాగుగా కనిపెట్టిరి. అయితే చేతితో తడవిన వస్తువు ఏదో కంటితో చూచి చెప్పుమన్నప్పుడు, ఊహించి చెప్పినదానికంటె అంత మేలుగా చెప్పలేకపోయిరి. కొన్ని దినములు గడచిన తరువాత, మరల పరీక్షించినవారు చాలవరకు చెప్పగలిగిరి. వెలుగు కంటిలో పడుట ఒక గడియ పని. పడినదానిని ఎరుగుట నేర్చుకొనవలసిన పని.

3. బేత్సయిదా గ్రుడ్డివాని మాట

ఇప్పుడు మార్కు సువార్తకు వత్తము. ప్రభువు బేత్సయిదాలోని గ్రుడ్డివానిని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి తీసికొనిపోయెను. మొదట చేతులుంచి, నీకేమైనను కనబడుచున్నదా యని అడిగెను. అతని జవాబును మెల్లగా చదువుడి. తనకు మనుష్యులు కనబడుచున్నారనియు, వారు చెట్లవలె ఉండి నడుచుచున్నారనియు చెప్పెను.

ఎంత నమ్మకమైన సాక్ష్యము! కంటికి తోచిన రూపము చెట్టు. అయినను చెట్లు నడువవు. కాబట్టి వీరు మనుష్యులు. కనబడినదానిని కనబడినట్లు చెప్పెను. దానినిబట్టి తాను గ్రహించినదానిని వేరుగా చెప్పెను. ఒకదానిలో నొకటి కలుపలేదు. స్వస్థపరచువాని మనస్సు నొచ్చుకొనునేమోయని "అంతయు బాగుగా ఉన్నది" అనలేదు. ఏమియు కనబడలేదని అలుగనులేదు. ఎంతవరకో అంతవరకే చెప్పెను. అందుకు ప్రభువు అతని గద్దింపలేదు, మరల చేతులుంచెను. అప్పుడతడు సమస్తమును తేటగా చూచెను. నాకింకను స్పష్టముగా లేదని ఒప్పుకొనినవానికి రెండవ స్పర్శ దొరికినది. బాగుగా చూచుచున్నానని బొంకినవానికి అది దొరకునా?

4. జ్వరమును చిల్లంగియు

ఈ పాఠము పుస్తకములో ఉండవలసినది కాదు, మన వీధిలో నడువవలసినది. ఒక బిడ్డకు జ్వరము తగులును. ముందటి సాయంకాలము ఒక ముసలమ్మ ఆ గుమ్మము ముందుగా నడచిపోయెను. తెల్లవారుసరికి "ఆమె చిల్లంగి పెట్టినది" అను మాట ఊరంతయు ప్రాకును. మన జిల్లాల కొండపల్లెలలో ఈ నెపముమీద మనుష్యులను కొట్టిన సంగతులును, చంపిన సంగతులును పత్రికలలో పలుమారులు చదివియున్నాము. బాప్తిస్మము పొందిన ఇండ్లలో సహితము ఈ గుసగుస వినబడుట దుఃఖకరము.

విచారింపుడి. కంటితో చూచినది యేమి? బిడ్డ ఒళ్లు కాలుట ఒకటి. ముసలమ్మ నడచిపోవుట ఒకటి. ఈ రెంటిని కట్టిన త్రాడును ఎవరు చూచిరి? ఎవరును చూడలేదు. అది మన భయము పేనిన త్రాడు. చదువరులును ఇట్టి తప్పులో పడినవారే. బురదనేలల దగ్గర జ్వరము హెచ్చుగా వచ్చుట అందరును చూచిరి. చెడుగాలియే కారణమని తలంచి, ఆ అర్థమిచ్చు మలేరియా అను పేరే పెట్టిరి. వారు చూచినది నిజము, ఎంచినది తప్పు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో డాక్టరు రొనాల్డు రాస్ దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని కనుగొనెను. దోషి చాలకాలము అందరి చెవి దగ్గరనే పాడుచుండెను, ఎవరును గుర్తింపలేదు.

కాబట్టి జ్వరము వచ్చిన బిడ్డను ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవుడి. రక్తపరీక్ష చేయించుడి. ప్రార్థన చేయుడి. ఎవరైన ముసలమ్మ పేరెత్తిన యెడల, "నీవు చూచినది యేమి? తలంచినది యేమి?" అని అడుగుడి. ఆ రెండు ప్రశ్నలు ఒక ప్రాణమును కాపాడగలవు.

5. నొప్పిలేని మచ్చ

తెలియలేదు గనుక లేదు అనుకొనుట మరియొక పొరపాటు. ఒంటిమీద పాలిపోయిన మచ్చ లేచును. దురద లేదు, నొప్పి లేదు. "నొప్పి లేదు గనుక రోగమును లేదు" అని విడిచిపెట్టుదుము. కుష్ఠురోగములో స్పర్శ తెలియకపోవుటయే ముఖ్యమైన గురుతు. క్రిమి నరములను పాడుచేయగా, పొయ్యిమీది గిన్నె చేతిని కాల్చినను ఎరుక కలుగదు. 2005లో దేశమంతటిమీద ఈ రోగము 10,000 మందికి ఒకరికంటె తక్కువకు దిగినదని ప్రభుత్వము ప్రకటించినను, అది బొత్తిగా పోలేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితము. రోగపు తీరునుబట్టి 6 నెలలు గాని 12 నెలలు గాని వాడిన యెడల నయమగును. స్పర్శ లేని మచ్చ ఉన్నవారు సిగ్గుపడక చూపించుకొనుడి. ఆత్మసంబంధముగాను ఇంతే. పాపము చేసినను మనస్సాక్షి నొవ్వని దినము, ఆరోగ్యమని సంతోషించు దినము కాదు, పరీక్షించుకొను దినము.

6. ఇప్పుడు కొంతమట్టుకే

పౌలు దినములలోని అద్దములు మెరుగుపెట్టిన లోహపు రేకులు. వాటిలో ముఖము మసకగా కనబడును. ఇప్పుడు మన చూపు అట్టిదనియు, మన ఎరుక కొంతమట్టుకే యనియు అపొస్తలుడు కొరింథువారికి వ్రాసెను. అంత గొప్ప బోధకుడే ఆలాగు చెప్పగా, మనము పొరుగువానినిగూర్చి పూర్తిగా ఎరిగినట్లు మాటలాడుట తగునా? అయితే ఆయన నిరాశతో ముగింపలేదు. తాను దేవునిచేత పూర్తిగా ఎరుగబడియున్నానని చెప్పెను. ప్రియులారా, మన ఆదరణ ఇదియే. మన చూపు మసకయైనను మనలను చూచువాని చూపు మసక కాదు. కాబట్టి ఎంతవరకు కనబడినదో అంతవరకే పలుకుదము. మిగిలినదానికొరకు ఆయన రెండవ స్పర్శను కనిపెట్టుదము.

కుటుంబ ప్రార్థనలో తలపోయవలసిన ప్రశ్నలు

1. ఈ నెలలో ఎవరినిగూర్చియైనను చూడనిదానిని చూచినట్లు చెప్పితిమా?
2. ఇస్సాకు ఇంకెవరిని అడిగి యుండవలసినది?
3. మన ఊరిలో అనుమానమునకు లోనై ఒంటరియైన వారెవరు? ఈ వారములో వారి గడప త్రొక్కుదుమా?

ప్రార్థన: ప్రభువా, కన్నులిచ్చినందుకు నీకు స్తోత్రము. చూచినదానిని ఉన్నట్లు చెప్పు నోరును, చూడనిదానిని ఊహించి తీర్పు తీర్చని మనస్సును మాకు దయచేయుము. మసకయైన మా చూపుమీద నీ చేతులు మరల ఉంచుము. ఆమేన్.