సైటేషన్ల వేటలోకి పిల్లల్ని దించకండి

బైపీసీ చదివిన పిల్ల "పరిశోధన చేస్తాను" అంటే చాలు, నిన్నటిదాకా నీట్ ర్యాంకు లెక్కలేసిన తల్లిదండ్రులు ఇవాళ కొత్త లెక్క పట్టుకుని వస్తున్నారు. "ఎన్ని పేపర్లు వేయించాలి సార్? ఎన్ని సైటేషన్లుంటే అమెరికాలో సీటు ఖాయం?" డిగ్రీ రెండో ఏడు చదివే పిల్ల గురించి అడిగే మాటేనా ఇది!

ఒకరి పరిశోధన పత్రాన్ని మరొకరు తమ పత్రంలో ప్రస్తావిస్తే అదొక సైటేషన్. కనీసం ఇరవైసార్లు చొప్పున ప్రస్తావనకొచ్చిన పత్రాలు ఇరవై ఉంటే హెచ్-ఇండెక్స్ 20. హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన ఈ కొలత ఏళ్ల తరబడి పనిచేశాక తేలేది. రంగాన్ని బట్టి మారుతుంది కూడా. కరోనా కాలంలో అంటువ్యాధుల పత్రాలకు ప్రస్తావనలు వెల్లువెత్తాయి. అదే ప్రతిభతో వేరే అంశం మీద పనిచేసినవాళ్లకు అన్ని రాలేదు.

ప్రపంచంలో అత్యధిక సైటేషన్లు పొందిన పత్రం ఏదో తెలుసా? ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి గురించి ఆలివర్ లౌరీ బృందం 1951లో రాసింది. దాని సైటేషన్లు మూడు లక్షలు దాటాయి. అదేమంత గొప్ప పత్రం కాదని లౌరీయే అన్నాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సంగతీ చూడండి. ఫాస్ఫరస్‌ను కొలవడానికి సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతిని దశాబ్దాలపాటు ప్రయోగశాలలు వాడుకున్నాయి. ఆయనకు మాత్రం హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. బోదకాలు రాకుండా మన ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర అక్కడ ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిందే. ఆ మాత్ర మింగినవాళ్లెవరూ సైటేషన్ ఇవ్వరు కదా!

ప్రోటియోమిక్స్ కథ కూడా ఇంతే. కణంలోని ప్రోటీన్లన్నిటినీ ఒక్కసారిగా పరిశీలించే ఈ శాస్త్రానికి ఆయువుపట్టు మాస్ స్పెక్ట్రోమీటర్. ప్రోటీన్‌ను చెడగొట్టకుండా ఆ యంత్రంలోకి పంపే దారి చూపినందుకు 2002లో నోబెల్ అందుకున్నవారిలో కోయిచి తనాకా ఒకరు. షిమాజు కంపెనీ ఇంజినీరు, చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, పీహెచ్‌డీ లేదు. ఇవాళ ఆసుపత్రుల్లో సూక్ష్మజీవుల్ని గుర్తించడానికి వాడే మాల్డీ పద్ధతిని జర్మనీకి చెందిన కరాస్, హిల్లెన్‌క్యాంప్ తీర్చిదిద్దారు. ప్లేటులో పెరిగిన బ్యాక్టీరియాను కొంచెం తీసి స్టీలు పలక మీద రాస్తారు. లేజర్ తగలగానే ప్రోటీన్లు గొట్టంలోకి ఎగురుతాయి; తేలికవి ముందు, బరువైనవి వెనక. ఆ వరసను బట్టి సూక్ష్మజీవి పేరు నిమిషాల్లో తెలుస్తుంది. ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్ష వేరే చేయాలి. క్షయను రక్తంలోని ప్రోటీన్ల ద్వారా పట్టుకోవడం ఇంకా కష్టం. రక్తరసిలోని ప్రోటీన్‌లో సగానికి పైగా ఆల్బుమిన్ ఒక్కటే ఉంటుంది, మనక్కావలసినవి దాని మరుగున పడిపోతాయి. ఇలాంటి చిక్కు మీద కూర్చోగల ఓపిక పిల్లకు ఉందా? తల్లిదండ్రులు నన్ను అడగాల్సింది ఇది.

ఆ ఓపిక లేని తొందర మీదే కొందరు వ్యాపారం చేసుకుంటున్నారు. డబ్బు కడితే చాలు, సరిగా సమీక్షించకుండానే అచ్చేసే జర్నళ్లు కొల్లలు. ఎమ్మెస్సీ ప్రాజెక్టును రెడీమేడ్‌గా అమ్మే సెంటర్లున్నాయి. "నెల ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్, పేపర్‌లో పేరు" అంటూ ప్యాకేజీలు అమ్ముతున్నారు. పిల్ల పేరు పదిమంది మధ్య అచ్చవుతుంది, ఇంటర్వ్యూలో గ్రాఫ్ చూపించి "ఇదేంటమ్మా?" అంటే నోరు పెగలదు. ఆ పేపరే మచ్చగా మిగులుతుంది. ఇక ఇల్లు తాకట్టు పెట్టి విదేశీ మాస్టర్స్‌కు పంపేవారికి నా మాట కటువుగానే ఉంటుంది. సైన్స్ పీహెచ్‌డీకి జీతంలా ఫెలోషిప్ ఇస్తారు. పరిశోధనే లక్ష్యమైతే అప్పు చేయడమేమిటి? ఎంబీబీఎస్ సీటు రాలేదని మూడోసారి లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టే బదులు ఆ ఏళ్లను మంచి బీఎస్సీకి ఇవ్వండి. సైన్స్ విద్య, పరిశోధనల సంస్థ అయిన తిరుపతి ఐసర్‌కు ప్రయత్నించండి.

ఎమ్మెస్సీలో 55 శాతంతో సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం.

నాకు నచ్చిన దారి చెబుతాను. ఎమ్మెస్సీ కాగానే పీహెచ్‌డీకి పరుగెత్తకుండా ఏడాదో రెండేళ్లో మంచి ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాలి. జీతం తక్కువే. శాంపిల్ సిద్ధం చేయడం, యంత్రం నడపడం, గణాంకాలు, ఆర్ లేదా పైథాన్ అక్కడ వస్తాయి. ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ప్రోటియోమిక్స్ పాఠాలు ఉచితంగా వినొచ్చు. పరిశోధన నచ్చకపోయినా ఎల్‌సీ-ఎంఎస్ అనే మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రం నడపడం వచ్చినవాళ్లకు హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో పని దొరుకుతుంది. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ ఉంటాయి. అధ్యాపక ఉద్యోగం వచ్చేసరికి ముప్పై అయిదు దాటొచ్చు. ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పండి, పెళ్లి సంబంధాల వాళ్లతో సహా.

ల్యాబులో చేరేముందు గైడ్ హెచ్-ఇండెక్స్ వెతకడం మాని, అక్కడి సీనియర్లను కలవండి. ఆయన దగ్గర చదివినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు, యంత్రం మీద స్వయంగా చేయి పెట్టనిచ్చారా అని అడగండి. జవాబు చెప్పడానికి తటపటాయిస్తే వేరే ల్యాబు చూసుకోండి.