స్వర్ణముఖి వెంట ఒక రోజు

తిరుపతి

పాపా,

ఆఫీసు స్నేహితులతో చెన్నై నుంచి వస్తున్నావని, కొండమీద దర్శనం అయ్యాక ఒక రోజు మిగులుతుందని రాశావు. ఆ రోజు చూడాలనుకున్న పదకొండు చోట్ల పేర్లూ పంపావు. కోపం తెచ్చుకోవద్దు పాపా, అందులో చాలావరకు కొట్టేసి మూడు మాత్రం ఉంచాను. ఎందుకో చెబుతాను.

ఈ ఊళ్లో నేను 36 ఏళ్లు ఉద్యోగం చేశాను. ఇంటికొచ్చిన చుట్టాలందరినీ కొండకు తీసుకుపోయేవాణ్ణి. కొండ దిగినాక జీపు మాట్లాడి, పొద్దు గూకేలోపు ఏడెనిమిది గుళ్లు తిప్పేవాణ్ణి. ఒకసారి మా పెద్దనాన్నను అట్లాగే తిప్పి రైలెక్కించాను. కిటికీ దగ్గర కూర్చుని, "ఒరే, పొద్దున చూసిన గుడి ఏ ఊర్లోదిరా?" అని అడిగాడు. నాకూ చప్పున గుర్తు రాలేదు. ఆయన మళ్లీ తిరుపతి రాకుండానే పోయాడు. తిప్పానే గానీ ఏమీ చూపించలేదు కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. నీకు అట్లా కాకూడదు.

నేను ఉంచిన మూడు చోట్లూ స్వర్ణముఖి నదిని పట్టుకునే ఉన్నాయి. నదిలో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. అయినా మన ఊళ్లను కన్నది ఆ నదే.

పొద్దున ఏడింటికల్లా గుడిమల్లానికి బయల్దేరండి. రేణిగుంట మీదుగా ఏర్పేడు వైపు పోవాలి. అక్కడ ఆగే సమయం కూడా చెప్పి, ఆటోకు రానూపోనూ ముందే మాట్లాడుకోండి. మంచినీళ్లు వెంట ఉంచుకోండి. పరశురామేశ్వరుడి గుడి అది. 1954 నుంచి పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గుడి వెనక్కి పోయి విమానం చూడు, ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. గర్భగుడి నేల మట్టానికి దిగువన ఉంటుంది. అయిదడుగుల లింగం, దాని ముందువైపు నిలబడ్డ శివుడు. ఆ శిల్పం క్రీ.పూ. 2-1 శతాబ్దాల నాటిదని చాలామంది పండితులు అంటారు, ఇంకా తర్వాతిదనే వాళ్లూ ఉన్నారు. వందేళ్ల కిందటే టి.ఎ. గోపీనాథరావు విగ్రహ శాస్త్రం మీద రాసిన పుస్తకంలో దీన్ని వివరంగా చెప్పాడు.

దండం పెట్టుకోగానే తిరగొద్దు. దీపం కాస్త కిందికి చూపించమని పూజారి గారిని మర్యాదగా అడుగు. స్వామి కుడిచేతిలో వెనకకాళ్లు పట్టి వేలాడదీసిన పొట్టేలు కనబడుతుంది. ఎడమ చేతిలో చిన్న చెంబు, భుజాన గండ్రగొడ్డలి. ఒంటిమీద జంధ్యం ఉండదు. చెవులకు బరువైన కుండలాలు. నడుముకు కట్టిన పలచటి బట్ట మడతలు కూడా రాతిలో తెలుస్తాయి. పాదాల కింద ఒక మరుగుజ్జు, స్వామిని భుజాల మీద మోస్తూ ఉంటాడు. వాడి ముఖం జాగ్రత్తగా చూడు.

దగ్గర్లోనే పాపానాయుడుపేట. అక్కడ గాజు పూసలు చేసేవాళ్లున్నారు. కరిగిన గాజును ఇనప గొట్టానికి పట్టించి, లోపల బొక్క పోకుండా సన్నటి తీగలా సాగదీస్తారు. దాన్ని ముక్కలు కోసి, బూడిదలో కలిపి మళ్లీ కాకమీద తిప్పుతారు. బూడిద ఉండబట్టి పూసలు ఒకదానికొకటి అంటుకోవు, కోసిన అంచులు మాత్రం నునుపు తేలతాయి. రెండువేల ఏళ్ల కిందట పుదుచ్చేరి పక్కన అరికమేడులో చేసిన పూసలదీ ఈ పద్ధతే. అట్లాంటి పూసలు ఓడలెక్కి అటు ఆఫ్రికా దాకా, ఇటు కొరియా, జపాన్ల దాకా పోయాయి. కొలిమి వెలుగుతూ ఉంటే అడిగి లోపలికి పో. పని ఆపించి ఫోటోలు తీయొద్దు. ఒక దండ కొను, బేరమాడొద్దు.

మధ్యాహ్నం ఇంటికి రండి. అత్త సంగటి, ఊరుబిండి చేసి పెడతానంది. మీ స్నేహితులు ఊరుబిండి తిని ఉండరు, నెయ్యి ఎక్కువ వేయమని నేను చెబుతాలే.

ఎండ తగ్గినాక చంద్రగిరి. శుక్రవారం అక్కడి కోటలోని మ్యూజియానికి సెలవు, అది చూసుకుని రోజు పెట్టుకో. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు, అక్కణ్ణుంచి ఈ కోటకు చేరింది. రాజమహల్ మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నంతో కట్టిందే, కట్టె వాడలేదు. ఆ గోడకు అరచెయ్యి ఆనించి ఒక్క విషయం గుర్తుచేసుకో. 1639లో సముద్రపు ఒడ్డున ఇంగ్లీషు కంపెనీకి నేల ఇచ్చిన దామెర్ల నాయకుడు ఈ చంద్రగిరి రాయల కింది సామంతుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయిందంటారు. నువ్వు రోజూ ఉద్యోగానికి పోయే ఊరు మొదలైన కథలో ఈ కోట ఉంది పాపా. నువ్వు పరాయి ఊళ్లో ఉన్నానని దిగులు పడినప్పుడల్లా నీకిది చెప్పాలనుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చి, ఆ గోడ పక్కన నిలబడి తెలుసుకుంటేనే బాగుంటుందని ఆగాను.

మిగతా చోట్లు ఎక్కడికీ పోవు. సంక్రాంతికి కొన్ని, ఉగాదికి కొన్ని చూద్దాం. ఎన్ని చూశావని ఎవరైనా అడిగితే మూడే అని చెప్పు, చిన్నతనం ఏమీ లేదు. ఆ మూడింటి గురించి మీ అమ్మకు పక్కన కూర్చుని గంటసేపు చెప్పగలిగితే చాలు.

నిన్ను రైలెక్కించడానికి నేనూ స్టేషనుకు వస్తాను. కిటికీ దగ్గర నిలబడి, ఆ మరుగుజ్జు ముఖం ఎట్లా ఉందని అడుగుతాను. నాకు తెలుసు, అయినా నీ నోటే వినాలి.

మీ మామ