ముల్లు ఎప్పుడు ఎక్కుతోంది?

ఎండాకాలం వచ్చిందంటే రోడ్డు పక్కన బానెట్ ఎత్తి ఆగిన కార్లు కనిపిస్తూనే ఉంటాయి. చుట్టూ నలుగురు చేరి తలా ఒక సలహా ఇస్తారు. ఒకాయన నీళ్లు పొయ్యమంటాడు, ఇంకొకాయన థర్మోస్టాట్ పీకేయమంటాడు. మెకానికల్ వాళ్లం కదా, మనం సలహా ఇచ్చే ముందు ఒక ప్రశ్న అడుగుదాం: టెంపరేచర్ ముల్లు ఎప్పుడు ఎక్కుతోంది? సగం జబ్బు ఆ జవాబులోనే దొరుకుతుంది.

ముందు జాగ్రత్త

పెట్రోలు మండగా వచ్చిన వేడిలో సుమారు మూడో వంతు కూలంట్‌లోకి పోతుంది. దాన్ని పంపు తిప్పుతుంది, రేడియేటర్ చల్లారుస్తుంది. రేడియేటర్ మూత లోపల దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది కాబట్టి, 100 డిగ్రీలకు మరగాల్సిన నీళ్లు 120 దాకా మరగవు. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ సూత్రమే ఇది. వేడి మీద మూత తిప్పారా, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, మరుగుతున్న నీళ్లు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. గుడ్డ అడ్డం పెట్టుకున్నా ఆగదు. కనీసం గంట ఆగండి. పై గొట్టం చేతికి చల్లగా, మెత్తగా తగిలాకే మూత ముట్టుకోండి.

ముల్లు చెప్పే మాట

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎక్కి, హైవే మీద దిగితే ఫ్యాన్‌ని అనుమానించాలి. వేగంగా పోతుంటే గాలి దానంతటదే వస్తుంది. ఆగినప్పుడే ఫ్యాన్‌తో పని.

హైవే మీద ఎక్కితే కూలంట్ తగ్గిందా, రేడియేటర్ పూడిందా, పంపు నీరసించిందా చూడాలి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో ఉప్పు గార కడుతుంది.

స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ఎక్కితే కూలంట్ బాగా తక్కువగా ఉండొచ్చు, లేదా థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. దాన్ని విప్పి, గిన్నెడు నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. చాలా కార్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. నీళ్లు మరిగినా తెరుచుకోకపోతే మార్చాల్సిందే. అంతేగానీ అది లేకుండా బండి నడపడం వైద్యం కాదు.

ఇంకో చిట్కా. ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెట్టండి. ఎండలో హీటర్ ఏంట్రా అనుకోకండి, అదీ ఒక చిన్న రేడియేటరే. ఇంజిన్ అంత కాగుతున్నా హీటర్‌లోంచి చల్లగాలి వస్తుంటే, కూలంట్ అక్కడిదాకా చేరడం లేదని అర్థం. వెంటనే ఆపేయాలి.

మా బాబాయి కారు

మాది పల్నాడు. మా బాబాయి పాత పెట్రోలు కారు బాడుగకు తిప్పుతాడు. పెళ్లిళ్ల రోజుల్లో అది వేడెక్కడం మొదలుపెట్టింది. ఒక షెడ్డులో హెడ్ విప్పాలన్నారు. రెండు వారాలు బండి ఆగితే ఆ నెల కిస్తీ కట్టలేడు. "ఏరా, నాలుగేళ్ల చదువు గదా, నువ్వు చూడు" అన్నాడు.

"ఎప్పుడు ఎక్కుతోంది బాబాయ్?" అనడిగాను. "రైల్వే గేటు పడితే చాలు. గేటు దాటాక మళ్లీ మామూలే."

ఇంక ఫ్యాన్ దగ్గరే వెతికాం. ఏసీ వేశాం, ఫ్యాన్ తిరగలేదు. ఫ్యూజు బాగుంది. ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, మధ్యలో ఫ్యూజు పెట్టిన వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇస్తే తిరిగింది. అంటే మోటారు బాగానే ఉంది. పక్కనే ఉన్న హారన్ రిలే మీద అదే నంబరు, అవే పిన్నులు. రెండూ అటూ ఇటూ మార్చాం. ఫ్యాన్ తిరిగింది, హారన్ మూగబోయింది! దొంగ దొరికాడు. కొత్త రిలే వేసి, బండిని అరగంట నిలబెట్టి ఆన్‌లో ఉంచాం. ముల్లు సగం దాటలేదు. హెడ్ జోలికి పోనే లేదు.

ఇలా పరీక్షించేటప్పుడు చేతులు, చున్నీలు ఫ్యాన్‌కి దూరంగా ఉంచండి. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా అది తిరగడం మొదలుపెడుతుంది.

ఎక్కడ ఆగాలి

డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపించినా, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ ఆగకుండా వచ్చినా, కూలంట్‌లో బుడగలు వస్తూనే ఉన్నా హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. అప్పుడు మంచి మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. బండిని నడపకండి, లాగించుకుని వెళ్లండి.

కూలంట్ పోసేటప్పుడు సాధారణంగా డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. ముందే కలిపి అమ్మేదైతే అలాగే పోయండి. పాతదాన్ని నేల మీద పారబోయకండి. చాలా కూలంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు నాకేస్తాయి, పిల్లలూ నోట్లో పెట్టుకుంటారు.

మిత్రులారా, స్పానర్ పట్టుకునే ముందు బండి నడిపే మనిషిని అడగండి. రోజూ ఆ ముల్లును చూసేది ఆయనే.