గ్లౌజులు, గుండు, కొత్త స్నేహం

సమస్య:

మాది మైపాడు దగ్గర ఒక పాళెం. మా పాప అయిదో తరగతి. ఎండాకాలం సెలవుల్లో మా అన్న బెంగళూరు నుంచి రోల్డ్ డాల్ రాసిన ‘ది విచెస్’ తెచ్చిచ్చాడు. అప్పట్నుంచీ ఇంట్లో మంత్రగత్తెల గోలే. వాళ్లు గోళ్లు కనపడకుండా గ్లౌజులు, బట్టతల కనపడకుండా విగ్గులు పెట్టుకుంటారంట.

మా వీధిలోకి కొత్తగా ఒకామె కూతుర్ని తీసుకుని వచ్చింది. రొయ్యల ఫ్యాక్టరీలో వలిచే పని. చేతికి గ్లౌజులు. పైగా తిరుపతి మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చింది, తలకు గుడ్డ కట్టుకుంటుంది. ఇంకేముంది! ఆమె కూతురిదీ మా పాపదీ ఒకే క్లాసు. బడిలో కలిసే ఆడుకుంటారు గానీ, మా పాప వాళ్ల గడప తొక్కదు. వాళ్లమ్మ పెట్టిన చాక్లెట్టు తింటే కథలోలాగా ఎలుకనైపోతానని దాన్ని ఇసకలో పూడ్చిపెట్టింది. మా అత్తేమో, “పిలకాయలు ఊరికే భయపడరు. మొగుడు లేకుండా వచ్చింది, చేతబడి తెలిసిన మనిషేమో” అంటోంది. పుస్తకం దాచేయనా? ఆ పిల్లతో ఆడొద్దని చెప్పనా?

– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

సలహా:

అమ్మా, రెండూ వద్దు.

పుస్తకం దాస్తే, సగం చదివిన కథలో మిగతా సగాన్ని పాప చీకట్లో సొంతంగా అల్లుకుంటుంది. 1983లో వచ్చిన ఈ నవలలో మంత్రగత్తెల గుట్టు తెలిసి, మనవడికి అండగా నిలిచేది చుట్ట కాల్చే ఒక అవ్వ. ఎలుకగా మారిన ఆ పిల్లవాడు చివరిదాకా ఎలుకగానే ఉంటాడు, అయినా అవ్వ దగ్గర సంతోషంగానే ఉంటాడు. 1990 సినిమాలో వాణ్ణి మళ్లీ మనిషిని చేస్తే డాల్‌కు ఒళ్లు మండింది. నాకూ నచ్చలేదు. రోజూ కాస్త చదివి, ఆ కథ మీకు తెలుగులో చెప్పమనండి. తన నోటితో చెప్పే కొద్దీ భయం తగ్గుతుంది.

భయపెట్టే కథలు మనకు కొత్తా? 1951 నుంచీ ‘పాతాళభైరవి’ సినిమాలో నేపాళ మాంత్రికుణ్ణి చూసి వణుకుతూనే ఉన్నాం. అలాగని రాత్రి ఈల వేసే నేపాలీ గూర్ఖాను చూసి ఎవరూ పారిపోలేదు.

అయితే ఈ పుస్తకంతో ఒక చిక్కుంది. ఎదురైన ఏ ఆడమనిషైనా మంత్రగత్తె కావచ్చంటుంది, గుర్తులన్నీ ఒంటి మీదే చూపిస్తుంది. 2020 సినిమాలో మంత్రగత్తెల చేతులకు వేళ్లు తక్కువగా చూపిస్తే, పుట్టుకతో అలాంటి చేతులున్నవాళ్లు బాధపడ్డారు. నిర్మాణ సంస్థ క్షమాపణ చెప్పింది.

మీ పాపకు ఆ కొత్తామె గ్లౌజుల సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. రొయ్య ముల్లు దిగితే వేలు వాచిపోతుంది. ఐసులో గంటల తరబడి నానితే చర్మం చిట్లుతుంది. ఒక సాయంత్రం పాపను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లండి. ఆమె పెట్టింది ముందు మీరు తినండి. గుండు గురించి పాపనే అడగనివ్వండి, తిరుపతి కబుర్లు ఆమే చెప్తుంది. ఆ తర్వాత స్నేహం ఎంత మెల్లగా నడిచినా తొందరపెట్టకండి. పిల్లలకూ కొత్త ఉంటుంది.

అసలు నాకు భయం మీ అత్తగారి మాటతోనే. పాప చదివేది కథ, ఆమె అంటున్నది పక్కింటి మనిషిని. మెదక్ వైపు బాణామతి అనే చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టారు, ప్రాణాలూ తీశారు. జార్ఖండ్‌లో మంత్రగత్తె అని ముద్ర వేయడాన్నే నేరం చేస్తూ 2001లో చట్టం తేవాల్సి వచ్చింది. ఇలాంటివన్నీ మొదలయ్యేది అరుగు మీది గుసగుసలతోనే. తోడు లేని ఆడది కాబట్టి ఆ మాట ఇంకా సులువుగా అంటుకుంటుంది.

పాప లేనప్పుడు అత్తగారితో గట్టిగానే మాట్లాడండి. మీవారినీ పక్కన కూర్చోబెట్టుకోండి. ‘చేతబడి’ అన్న మాట ఆ ఇంటి గురించి మీ ఇంట్లో ఇంకెవరూ అనకూడదు. పుస్తకం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఈ పని మాత్రం ఈ రాత్రే చేయండి.